గాలానికి పడ్డ నాటు చేపను పరిశోధనకు పనికొచ్చేలా నమోదు చేయడం ఎలా?

"ఫోన్‌లో చేపల ఫోటోలు వందలకొద్దీ ఉన్నాయి. వీటిని ఎవరికి పంపాలి? పంపితే నిజంగా పనికొస్తాయా?" గాలం వేసే మిత్రులు తరచూ అడిగే మాట ఇది. పనికొస్తాయి. కానీ చేపను రెండు చేతులతో ముందుకు చాచి తీయించుకున్న ఫోటో ఒక్కటే ఉంటే పరిశోధకుడు దానితో పెద్దగా చేయగలిగేది ఏమీ ఉండదు. చేప ఎక్కడ పడింది, ఏ రోజు పడింది, ఎన్ని గంటలు కూర్చుంటే పడింది, ఎంత పొడవుంది అన్నవి తోడైతేనే ఆ ఫోటోకు విలువ. ఏమీ పడని రోజు లెక్క కూడా అంతే ముఖ్యం.

ఎందుకంటారా? కర్ణాటకలో కావేరి ఒడ్డున, గాలం వేసేవాళ్ళు దిగే గాలిబోరె క్యాంపు సంగతి చూడండి. అక్కడ 1998 నుంచి 2012 దాకా గాలం వేసినవాళ్ళు ఎన్ని గంటలు వేశారో, ఎన్ని మహసీర్లు (నదుల్లో బాగా పెద్దగా పెరిగే చేపలు) పడ్డాయో, ఒక్కోటి ఎంత తూగిందో రాసిపెట్టారు. అదంతా 23 వేల గంటలకు పైగా లెక్క, 6 వేలకు పైగా చేపలు. పడే చేపల సంఖ్య పెరుగుతూ ఉండగానే కావేరికే ప్రత్యేకమైన మూపురం మహసీర్ తగ్గిపోతోందనీ, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ దాని చోటు ఆక్రమించిందనీ ఆ పుస్తకాల్లోంచే తేలింది. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఆ మూపురం మహసీర్‌ను అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. పెద్ద చేపల ఫోటోలు మాత్రమే దాచుకుని ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

గోదావరి, కృష్ణ, మంజీర ఒడ్డున, ఊరి చెరువు గట్టున గాలం వేసే ఎవరైనా ఈ పని చేయొచ్చు. వరస ఇది.

## 1. ముందు ఆ నీళ్ళు ఎవరివో తెలుసుకోండి

అనుమతి లేని చోట పట్టిన చేప రికార్డు మీకే ఇబ్బంది తెస్తుంది. తేదీ, చోటు, ఫోటో అన్నీ మీరే ఇస్తున్నారు కదా.

- అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలు, టైగర్ రిజర్వుల లోపల గాలం వేయకండి. పాపికొండలు, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, మంజీర అభయారణ్యం, కొల్లేరు లాంటి చోట్ల హద్దు ఎక్కడిదాకా ఉందో ముందే అటవీశాఖ వాళ్ళను అడగండి.
- ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘానిది. సంఘం అధ్యక్షుణ్ణి కలిసి, "గాలం వేసి, చేపను కొలిచి వదిలేస్తాం" అని చెప్పండి. ఆ మాటతో సగం అనుమానం పోతుంది. పైగా ఆ చెరువులో ఏ చేపకు ఏ పేరు పిలుస్తారో, ఏ ఏడాది ఏ పిల్లలు వదిలారో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.
- వానాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో కొన్నిచోట్ల వేటపై ఆంక్షలుంటాయి. జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి.
- తాగునీటి జలాశయాలకు వేరే నిబంధనలుంటాయి. అవి విడిగా అడగాలి.

## 2. సంచిలో ఏమేం ఉండాలి

ఖరీదైనవేమీ అక్కర్లేదు. కానీ చేప పడ్డాక వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

- అడ్డముల్లు నొక్కేసిన కొక్కాలు. ప్లయర్‌తో ఆ ముల్లును నొక్కి చదును చేస్తే చాలు, కొక్కెం తేలిగ్గా ఊడొస్తుంది.
- పొడవాటి ముక్కున్న ప్లయర్. కొర్రమీను, వాలుగ నోట్లో వేలు పెట్టే పని ఎప్పుడూ చేయొద్దు.
- రబ్బరు వల ఉన్న లాండింగ్ నెట్. ముడుల నైలాన్ వల చేప ఒంటి జిగురును గీరేస్తుంది, రెక్కలను చీలుస్తుంది.
- లేత రంగు ప్లాస్టిక్ ట్రే లేదా మందపాటి షీటు. దానిమీద సెంటీమీటర్ల టేపు, సున్నా సరిగ్గా అంచు దగ్గర ఉండేలా అతికించాలి.
- చిన్న బకెట్, తూకం వేసే స్ప్రింగ్ కాటా, తడి సంచి.
- పెన్సిల్, నోటుబుక్. పెన్ను రాత తడిస్తే చెదిరిపోతుంది.
- చార్జింగ్ నిండుగా ఉన్న ఫోన్.

## 3. ఫోన్ పని ఇంట్లోనే పూర్తి చేయండి

రికార్డులు పెట్టడానికి నేను చెప్పేది ఐనాచురలిస్ట్ అనే యాప్. ఉచితం, ఎవరైనా ఖాతా తెరవొచ్చు. దేశం నలుమూలలా, బయటా చేపలు తెలిసినవాళ్ళు అందులో పేర్లు సరిచూస్తుంటారు. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా మంచిదే. రెండిట్లో ఒకదాన్ని ఎంచుకుని దాన్నే వాడండి. ఒకే చేపను రెండుచోట్లా పెడితే లెక్కలో రెండు చేపలైపోతాయి.

ముందే సరిచూసుకోవాల్సినవి:

- కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేశారా? ఇది లేకపోతే తర్వాత మ్యాప్ మీద వెతుక్కోవాల్సిందే.
- ఫోన్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌గా ఉన్నాయా?
- యాప్ ఖాతాలో లైసెన్స్ ఏది పెట్టారు? "అన్ని హక్కులూ నావే" అని పెడితే ఆ రికార్డు అంతర్జాతీయ జీవవైవిధ్య డేటాబేస్ అయిన జీబీఐఎఫ్‌కు వెళ్ళదు. పేరు చెబుతూ, వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంచితే సరిపోతుంది.
- సిగ్నల్ లేనిచోట ఏం చేయాలి అని టెన్షన్ పడొద్దు. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. ఫోటో తీసేముందు ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం ఫోన్ తెరిచి ఉంచితే లొకేషన్ సరిగ్గా పట్టుకుంటుంది. అప్‌లోడ్ ఇంటికొచ్చాక చేసుకోవచ్చు.

## 4. గాలం నీళ్ళలో పడకముందే రాయాల్సిన నాలుగు మాటలు

చాలామంది వదిలేసేది ఇదే. చేప పడ్డాక రాద్దాంలే అనుకుంటారు. చేప పడకపోతే ఇక ఏమీ రాయరు. చివరికి పుస్తకంలో చేపలు పడ్డ రోజులు మాత్రమే మిగులుతాయి. అది చూస్తే చెరువు నిండా చేపలే అనిపిస్తుంది.

కూర్చోగానే రాయండి: తేదీ, చోటు, మొదలుపెట్టిన టైమ్, ఎన్ని గాలాలు. లేచేటప్పుడు ముగించిన టైమ్ చేర్చండి. మధ్యలో గంటసేపు భోజనానికి గాలాలు పైకి తీసేస్తే ఆ గంట తీసేయాలి.

లెక్క సులువే. రెండు గాలాలతో నాలుగు గంటలు కూర్చుంటే ఎనిమిది గాలం–గంటలు. రెండు వాలుగలు పడ్డాయనుకోండి, గాలం–గంటకు 0.25. మరుసటి ఏడు అదే నెలలో, అదే ఒడ్డున, అదే ఎరతో ఆ అంకె ఎంత ఉందో పోల్చి చూడొచ్చు. "ఇదివరకు బాగా పడేవి, ఇప్పుడు పడట్లేదు" అన్న మాటకు ఆధారం ఇలాగే వస్తుంది.

ఎర కూడా రాయాలి. వానపాములకు పడే చేప వేరు, పిండి ముద్దకు పడేది వేరు, కప్పలా ఉండే కృత్రిమ ఎర ఫ్రాగ్ లూర్‌కు వచ్చేది వేరు. ఎర మార్చి "ఈ ఏడు జెల్లలు తగ్గాయి" అంటే లెక్క తప్పుతుంది.

## 5. చేప పడ్డాక మొదటి నిమిషం

వరస తప్పకండి.

1. గాలానికి పడ్డ చేపను ఎక్కువసేపు ఆడించకుండా దగ్గరికి లాగండి. ఎండాకాలంలో వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, అలసిన చేప కోలుకోదు.
2. చేతులు, ట్రే, నెట్ అన్నీ ముందు తడపండి. పొడి చెయ్యి, పొడి గుడ్డ, వేడెక్కిన బండ తగిలితే చేప జిగురు ఊడిపోతుంది, అక్కడ బూజు పడుతుంది.
3. చేపను నెట్‌లో నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీయండి. కొక్కెం గొంతు లోపలికి దిగిపోతే లాగొద్దు. దారాన్ని నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి.
4. ఫోన్, ట్రే చేతికందేలా ఉన్నాయని చూసుకున్నాకే చేపను బయటికి తీయండి.
5. మీరు ఊపిరి ఎంతసేపు బిగబట్టగలరో చేపను అంతసేపే బయట ఉంచండి. చాలకపోతే మళ్ళీ నీళ్ళలో ముంచి, కాస్త ఆగి తీయండి.
6. దవడ పట్టుకుని వేలాడదీయొద్దు. మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక మొదట్లో.

కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక గాలి పీల్చే చేపలు. ఇవి బయట ఎక్కువసేపు బతుకుతాయి కదా అని ఎండలో గట్టున పడేస్తుంటారు. అది తప్పు. దీనికి ఎదురు తప్పు కూడా ఒకటుంది: కొర్రమీనును వలసంచిలో పెట్టి, పైకి రాలేకుండా నీళ్ళ అడుగున కట్టేయడం. పైకొచ్చి గాలి అందుకోలేకపోతే కొర్రమీను నీళ్ళలోనే చచ్చిపోతుంది.

ఇంగిలాయి, జెల్లలతో జాగ్రత్త. ఇంగిలాయి ఛాతీ రెక్క ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కి విపరీతంగా పోటు పెడుతుంది. గుచ్చుకుంటే ఆ చోటును చెయ్యి తట్టుకునేంత వేడినీళ్ళలో ముంచి ఉంచండి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ముల్లు ముక్క లోపల విరిగి ఉండొచ్చు, టీటీ ఇంజెక్షన్ కూడా కావాల్సి రావచ్చు.

వీపు రెక్క దగ్గర నంబరున్న రంగు ప్లాస్టిక్ ట్యాగ్ కనిపిస్తే, అది ఎవరో పరిశోధకులు వేసినదే. పీకొద్దు. నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి, పొడవు కొలిచి, చేపను వదలండి. ట్యాగ్ మీద సంస్థ పేరు, ఫోన్ నంబరు ఉంటే ఆ రోజే తెలియజేయండి.

## 6. కొలత

బరువుకన్నా పొడవు ముఖ్యం. గుడ్లతో ఉన్న చేప, కడుపు నిండిన చేప బరువు మారుతుంది. పొడవు మారదు.

చేపను తడి ట్రే మీద కుడి పక్క కింద ఉండేలా పడుకోబెట్టండి. తల మీ ఎడమచేతి వైపు ఉండాలి. నోరు మూసి, మూతి కొన సున్నా అంచుకు తాకేలా చూడండి. తోక రెక్క రెండు కొసలను దగ్గరికి నొక్కి, పొడవైన కొస ఎక్కడ ఆగిందో చదవండి. అది మొత్తం పొడవు. తోక చీలిక మధ్యదాకా కొలిస్తే ఇంకో అంకె వస్తుంది. ఏది కొలిచారో రాయకపోతే రెండూ కలిసిపోయి లెక్క పాడవుతుంది. నా సలహా: ఎప్పుడూ మొత్తం పొడవే తీసుకోండి, "మొ.పొ. 42 సెం.మీ." అని రాయండి.

టేపును చేప ఒంటి మీదుగా వంపు తిరిగేలా పరవొద్దు. లావు చేపకు అలా కొలిస్తే పొడవు ఎక్కువ చూపిస్తుంది. బరువు చూడాలనుకుంటే తడి సంచిలో వేసి తూచి, సంచి బరువు తీసేయండి. "సుమారు కిలోన్నర" అని ఊహించి రాయొద్దు. తూచకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

## 7. ఫోటోలు: ఏ చేపకు ఏ కోణం

ఏ చేపకైనా మొదటి ఫోటో ఒకటే: ఎడమవైపు ఒళ్ళంతా, మూతి నుంచి తోక కొస దాకా, టేపుతో సహా, సరిగ్గా పైనుంచి. ఎండ పడి పొలుసులు మెరిసిపోతుంటే మీ నీడ చేప మీద పడేలా నిలబడండి. రెండో ఫోటోలో వీపు రెక్కను వేలితో నెమ్మదిగా నిలబెట్టి తీయండి. ఆపైన చేపను బట్టి మారుతుంది. గుర్తింపు తెలిసినవాళ్ళు చూసేది ఈ వివరాలే కాబట్టి ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

కొర్రమీను, మట్టగిడస, పూమీను. మూడూ ఒకే కుటుంబం, చిన్నప్పుడు గందరగోళపెడతాయి. వీపు రెక్కలో పుల్లలు లెక్కపెట్టగలిగేలా ఫోటో ఉంటే చాలావరకు తేలిపోతుంది: మట్టగిడసకు 28 నుంచి 33, కొర్రమీనుకు 37 నుంచి 46. పూమీను పిల్లలకు తోక మొదట్లో, పైభాగాన, లేత అంచున్న నల్లని కంటిచుక్క ఉంటుంది. ఆ చోటును దగ్గరగా తీయండి.

జెల్లలు. మీసాలే కీలకం. పై దవడ మీసాన్ని ఒంటి వెంబడి వెనక్కి సాపుగా పరిచి, అది ఎక్కడిదాకా చేరిందో కనిపించేలా తీయండి. పెద్ద జెల్లల్లో స్పెరాటా ఆవొర్‌కు మీసం తోక దాకా పోతుంది, స్పెరాటా సీంఘాలాకు అంత దూరం రాదు. వీపు రెక్క వెనక మెత్తగా, పుల్లలు లేకుండా ఉండే కొవ్వు రెక్క ఎంత పొడవుంది, దానిమీద నల్లమచ్చ ఉందా అన్నది కూడా రావాలి. మీసాలు చుట్టుకుపోయి ఉన్న ఫోటోలతో జెల్లలను జాతి దాకా తేల్చడం కష్టం.

మార్పు, ఇంగిలాయి. వీపు రెక్క చూస్తే చాలు. మార్పుకు వీపంతా పొడవునా ఉంటుంది, ఇంగిలాయికి ముందువైపు పొట్టిగా చిన్న ముక్క. అసలు చిక్కు నాటు మార్పుకూ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ మధ్య. మన దేశంలో ఆఫ్రికన్ రకం పెంపకం నిషేధం, అయినా చెరువుల్లోంచి కాలువల్లోకి చేరుతూనే ఉంది. తల వెనక ఎముక అంచు ఆకారంలో తేడా ఉంటుంది కాబట్టి తలను పైనుంచి నిట్టనిలువుగా ఒక ఫోటో తీయండి. కిలో దాటి బాగా పెద్దదైతే ఆఫ్రికన్ రకమని అనుమానించాలి.

వాలుగ. నోటి చీలిక కంటి వెనక దాకా పోతుంది. చిన్న వాలుగలా కనిపించే ఓంపోక్ జాతులకు నోరు అంత పెద్దది కాదు. తలను పక్కనుంచి, నోరు మూసి, కన్ను స్పష్టంగా కనిపించేలా తీయండి. వాలుగ ఐయూసీఎన్ జాబితాలో ముప్పున్న జాతి, కాబట్టి ప్రతి చేపనూ, అరచేతి పొడవున్న పిల్లనైనా, నమోదు చేయండి.

గండిచేపలు, రాగండి, ఎర్రమోసు లాంటివి. మూతిని కిందినుంచి తీయండి. పెదవులకు కుచ్చుల్లాంటి అంచుందా, మీసాలు ఎన్ని జతలు అన్నది అక్కడే తెలుస్తుంది.

పరిగెలు. చిన్న చేపలని వదిలేస్తారు గానీ నాటు జాతుల్లో వీటి వైవిధ్యమే ఎక్కువ. నీళ్ళు పోసిన చిన్న గాజు సీసాలో పెట్టి పక్కనుంచి తీస్తే రెక్కలు విచ్చుకుని ఉంటాయి. తోక మొదట్లో మచ్చ, వీపు రెక్క మీద మచ్చ, ఒంటి మధ్యన పోయే పక్కగీత తోకదాకా ఉందా లేక సగంలో ఆగిందా, ఇవి కనిపించాలి.

దెయ్యం చేప. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్‌మౌత్ జాతి. ఒళ్ళంతా ఎముక పలకలు, గరుకు. నాటు చేప కాదు, కానీ ఎక్కడెక్కడికి పాకిందో తెలియడం నాటు చేపల పరిశోధనకే అవసరం. దీన్ని వెల్లకిలా తిప్పి పొట్ట మీది చుక్కలు, గీతలు తీయండి. జాతి తేల్చేది ఆ డిజైనే.

## 8. వదలాలా, ఇంటికి తీసుకెళ్ళాలా?

వండుకోవడానికి తీసుకెళ్ళిన చేప రికార్డు కూడా రికార్డే. "తీసుకెళ్ళాం" అని నిజం రాయండి చాలు. ఫోటోలు మాత్రం చేప బతికుండగానే తీయాలి. చచ్చాక రంగు మారిపోతుంది.

వదిలేటట్టయితే పట్టిన చోటే వదలండి. చేపను నీళ్ళలో వీపు పైకి ఉండేలా పట్టుకుని, తనంతట తాను తోక ఆడించి వెళ్ళేదాకా ఆగండి. ముందుకూ వెనక్కూ ఊపొద్దు.

వానలు పడ్డాక గట్టు పక్కన ఎర్రని పిల్లల గుంపు నీటిమీద కదులుతూ కనిపిస్తే, దాని కింద కొర్రమీను కాపలా ఉంటుంది. ఆ కాపలా చేప కోసం గాలం వేయొద్దు. పొరపాటున పడితే కొలతలు కూడా వదిలేసి, ఒక్క ఫోటో తీసి, వెంటనే అక్కడే వదలండి. కాపలా లేని గుంపును మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి. పిల్లల గుంపు కనిపించిన తేదీ మాత్రం తప్పకుండా రాయండి, అది చాలా విలువైన సమాచారం.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, దెయ్యం చేప పడితే తిరిగి నీళ్ళలో వేయొద్దు, బతికుండగా ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు. నాటు చేపను కూడా "అక్కడ నీళ్ళు బావున్నాయి" అని ఇంకో చెరువుకు మార్చొద్దు. రోగాలు, పురుగులు దానితోపాటు వెళ్తాయి.

## 9. యాప్‌లో పెట్టడం

1. ఒక చేపకు ఒక రికార్డు. ఆ చేప ఫోటోలన్నీ అందులోనే చేర్చండి. రెండో చేపకు రెండో రికార్డు.
2. ఒళ్ళంతా కనిపించే ఫోటో మొదట ఉండాలి.
3. తేదీ, టైమ్ చేప పట్టినవేనా, అప్‌లోడ్ చేసినవా? ఒకసారి చూడండి.
4. మ్యాప్ పిన్ నీటి ఒడ్డున ఉందో లేదో చూడండి. ఇంటిమీదో, హైవే దాబా మీదో పడి ఉంటే జరపండి.
5. పేరు గడిలో కచ్చితంగా తెలిసినంతవరకే రాయండి. కొర్రమీను రకమేనని తెలిసి, అందులో ఏ జాతో తెలియకపోతే వాటి ప్రజాతి పేరు "చన్నా" దగ్గర ఆగండి. జెల్ల అని మాత్రమే తెలిస్తే కుటుంబం దగ్గర ఆగండి. యాప్ సూచించే పేరును ఫోటోతో పోల్చకుండా నొక్కేయొద్దు. మన పరిగెలు, జెల్లల విషయంలో అది తరచూ తప్పుతుంది.
6. నోట్స్‌లో రాయాల్సినవి: ఆ ఊళ్ళో పిలిచే పేరు, మొత్తం పొడవు, బరువు, ఎర, గాలాలు, గంటలు, వదిలారా తీసుకెళ్ళారా.
7. పెంపకం చెరువు, డబ్బు కట్టి గాలం వేసే పే పాండ్ చేపయితే "క్యాప్టివ్" అని గుర్తు పెట్టండి.

నోట్స్ నమూనా ఇలా ఉంటుంది: "ఊళ్ళో పిలిచే పేరు: వాలుగ. మొ.పొ. 38 సెం.మీ. బరువు తూచలేదు. ఎర వానపాము. 2 గాలాలు, ఉదయం 6 నుంచి 10. అక్కడే వదిలాం. నీళ్ళు బురదగా ఉన్నాయి, ముందురోజు వాన."

పెట్టిన రికార్డును కనీసం ఇద్దరు చూసి, మూడింట రెండొంతులకు పైగా ఒకే జాతి పేరు దగ్గర కలిస్తే అది పరిశోధన స్థాయికి చేరుతుంది. ఎవరైనా మీ పేరు తప్పంటే నొచ్చుకోవద్దు. "ఏ లక్షణం చూసి చెప్పారు?" అని అడగండి. తర్వాతి చేపకు ఏ ఫోటో తీయాలో అలాగే తెలుస్తుంది.

బొచ్చె, రాగండి, ఎర్రమోసు విషయంలో ఒక మాట. వీటి పిల్లలను మత్స్యశాఖ ఏటా చెరువుల్లో, జలాశయాల్లో వదులుతుంది. మీకు పడ్డది అక్కడే పుట్టిందో వదిలిన పిల్లో ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు. ఆ నీళ్ళలో పిల్లలు వదిలారని తెలిస్తే నోట్స్‌లో రాయండి.

## 10. చోటు దాచాలా, చూపాలా?

అరుదైన చేప ఎక్కడుందో అందరికీ తెలిస్తే, మర్నాడు అక్కడ వలలు వేసేవాళ్ళు ఉండొచ్చు. అందుకే ముప్పున్న జాతుల్లో చాలావాటి చోటును యాప్ తనంతట తానే చెదరగొట్టి చూపిస్తుంది. మిగతా వాటికి మీరే "అబ్‌స్క్యూర్డ్" ఎంచుకోవచ్చు. బయటివాళ్ళకు సుమారు ప్రాంతం కనిపిస్తుంది, అసలు చోటు మీ ఖాతాలో భద్రంగా ఉంటుంది.

దాచడానికి పిన్‌ను కావాలని పది కిలోమీటర్ల అవతల పెట్టడం మాత్రం వద్దు. అది తప్పుడు రికార్డు. ఫోటోలో మైలురాయి, గుడి గోపురం, డ్యామ్ గేటు కనిపిస్తున్నాయా అన్నదీ చూసుకోండి.

## 11. ఏమీ పడని రోజులు, నోటుబుక్

యాప్‌లో "చేప పడలేదు" అని పెట్టే వీల్లేదు. అందుకే నోటుబుక్ సమాంతరంగా నడవాలి. ఇంటికొచ్చాక స్ప్రెడ్‌షీట్‌లో ఒక ట్రిప్పుకు ఒక వరస: తేదీ, చోటు, గాలాలు, గంటలు, ఎర, నీళ్ళు ఎలా ఉన్నాయి, జాతుల వారీగా ఎన్ని పడ్డాయి. ఏమీ పడకపోతే 0 అని రాయండి. గడి ఖాళీగా వదిలితే మర్చిపోయారో, పడలేదో తెలియదు.

నలుగురైదుగురు కలిసి ఒకే షీటు నడిపితే ఇంకా మంచిది. అందరూ ఒకే చేపకు ఒకే పేరు వాడాలి. ఊరూరికీ పేరు మారుతుంది కాబట్టి ఊళ్ళో పిలిచే పేరుకు ఒక గడి, శాస్త్రీయ నామానికి ఒక గడి పెట్టుకోండి.

ఒక ఏడాది లెక్క చేతికొచ్చాక దగ్గర్లోని యూనివర్సిటీ జువాలజీ విభాగానికో, హైదరాబాద్‌లోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రానికో రాయండి. ఉత్తరంలో ఏ నీళ్ళు, ఎంత కాలం, ఎన్ని గాలం–గంటలు, ఏ జాతులు అన్నవి నాలుగు వాక్యాల్లో చెప్పి, షీటులోంచి కొన్ని వరసలు నమూనాగా జతచేయండి. మొత్తం షీటు ఇచ్చేముందు రెండు విషయాలు తేల్చుకోండి: చోట్లు బయటపెట్టరు కదా, మీ బృందం పేరు ప్రస్తావిస్తారు కదా. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

## 12. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పెట్టడం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో లొకేషన్ సమాచారం పోతుంది. మిత్రుడు తీసిన ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా అతని ఖాతాలోంచే పెట్టించండి.

మార్కెట్‌లో చూసిన చేపకు మార్కెట్ లొకేషన్. ఆ చేప ఏ నీళ్ళదో అమ్మేవాళ్ళకు కచ్చితంగా తెలిస్తే తప్ప పెట్టొద్దు.

పెద్దవాటినే నమోదు చేయడం. పిల్లలు పడటం అంటే అక్కడ చేప గుడ్లు పెడుతోందని ఆశ. మీకు చిన్నదిగా అనిపించిన చేపను ముందు పెట్టండి.

రెక్కలు ఒంటికి అంటుకుపోయిన ఫోటో. చేపను ట్రేలో కాస్త నీళ్ళు పోసి ఉంచండి, రెక్కలు వాటంతట అవే విచ్చుకుంటాయి.

టేపు లేకుండా తీసిన ఫోటో. పక్కన పెట్టిన కొక్కెం పెట్టె, రూపాయి బిళ్ళ లాంటిది ఏదైనా ఫోటోలో ఉంటే దాని కొలత నోట్స్‌లో రాయండి. ఏదీ లేకపోతే పొడవు గడి ఖాళీ.

తప్పు పేరుతో రికార్డు పెట్టేశాక. తీసేయొద్దు. పేరు మార్చండి, ఎందుకు మార్చారో కామెంట్‌లో రాయండి.

ఫోన్‌లో మూలుగుతున్న పాత ఫోటోలు. గ్యాలరీలో ఫోటో వివరాలు తెరవండి. తేదీ, లొకేషన్ రెండూ ఉంటే ఈ రోజే పెట్టొచ్చు. తేదీ ఉండి లొకేషన్ లేకపోతే, ఏ ఒడ్డో మీకు స్పష్టంగా గుర్తుంటే మ్యాప్ మీద పిన్ పెట్టి, దాని చుట్టూ ఉండే కచ్చితత్వ వలయాన్ని మీకు ఎంత నమ్మకముందో అంత పెద్దది చేయండి. చెరువు గుర్తుండి ఒడ్డు గుర్తులేకపోతే వలయం చెరువంతా కప్పాలి. తేదీ కూడా తెలియకపోతే దాన్ని పక్కన పెట్టి, వచ్చేసారి ఒడ్డుకు వెళ్ళినప్పుడు పైన నాలుగో భాగంలో చెప్పినట్టు టైమ్ రాసుకుని మొదలుపెట్టండి.